రెండు వందల పదకొండో పేజీ

రొయ్యల్లో మందుల జాడ వెతకడానికొచ్చిన ఆడిటరు
మా ల్యాబు కుర్చీలో మర్చిపోయి వెళ్లాడు ఆ నవల.
నలభై మూడో పేజీలో విమానం బోర్డింగ్ పాసు.
అక్కడితో ఆపేశాడన్నమాట.
మిగతా మూడొందల పేజీలూ
మొగల్తూరు రోడ్డులో, ఏరియేటర్ల హోరులో
నా వంతుకొచ్చాయి.

డిక్షనరీ పక్కన పెట్టుకుని రాత్రికి ఆరు పేజీలు.
కరెంటు పోతే నాలుగు.

అమెరికాలో ఏదో చిన్న ఊరు. పంపుల్లో టీ రంగు నీళ్లు.
స్కూలు బస్సు నడిపే లోరెట్టా
రోజుకో సీసా పట్టి, మూత మీద తేదీ రాసి
ఫ్రిజ్జులో దాస్తుంది.
పాలు ఎక్కడ పెట్టుకోవాలని మొగుడు విసుక్కుంటాడు.
ఆఫీసునుంచి ఉత్తరం వస్తుంది: అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి.
ఆ వాక్యం నాకు బాగా తెలుసు,
వారానికి ముప్పైసార్లు నేనే టైపు చేస్తాను.

అందులో ఒక సభ ఉంది, పద్నాలుగు పేజీలు.
మనిషికి మూడు నిమిషాలు, తర్వాత గంట.
లోరెట్టా ఒక్క మాటా అనదు.
సీసాలు ఒక్కొక్కటే బల్ల మీద పెడుతుంది,
అన్నీ పెట్టకుండానే గంట మోగుతుంది.
ఆ రాత్రి నాకు ఏరియేటర్లు వినిపించలేదు.

మా దగ్గరా జరిగింది ప్రజాభిప్రాయ సేకరణ.
షామియానా, బిర్యానీ పొట్లాలు,
జనంకంటే ఎక్కువ మంది పోలీసులు.
ఎలాగో మైకు దాకా చేరిన ముసలాయన
"అయ్యా, ఆ కాలవ..." అన్నాడు.
తర్వాత మైకు పనిచేయలేదు.
దాని గురించి ఎవరూ పద్నాలుగు పేజీలు రాయలేదు.
నేనూ రాయలేదు,
సంతకం పెట్టి పొట్లం తీసుకున్నాను.

రెండు వందల పదకొండో పేజీలో
కోర్టు కేసు తీసుకుందన్న సంబరంలో
లోరెట్టా వాళ్లు హోటలుకెళ్తారు.
శుక్రవారం. ఎన్ని తిన్నా ఒకటే రేటు, రొయ్యలు.
వెల్లుల్లి వెన్నలో ముంచుకుని చిన్నపిల్ల పద్దెనిమిది తింటుంది.
వెన్న వాసన రాసింది రచయిత్రి,
పిల్ల గడ్డం మీదకి జారిన చుక్క రాసింది,
లోపల గిన్నెలు కడిగేవాడి అప్పు కూడా రాసింది.
రొయ్య ఎక్కణ్నుంచి వచ్చిందో రాయలేదు.

ఏదైనా వాక్యం దాటేశానేమోనని
వెనక్కెళ్లి మళ్లీ చదివాను.
ఊళ్లో ప్రతి గొట్టాన్నీ తవ్వి చూసిన కలం
పళ్లెం అంచు దగ్గర ఆగిపోయింది.
ఆ పళ్లెం కింద, చాలా కింద,
తెల్లారుజాము మూడింటికి షెడ్డు వ్యాను ఎక్కే ఆడవాళ్లు,
ఐసు నీళ్లలో నాని గోరు ఊడిన వేళ్లు.

కోపం వచ్చిందని చెప్పను.
పదేళ్లుగా నేను చూసిందీ
రొయ్యకి నీళ్లు బాగున్నాయా లేదా అనే.

కిందటి నెల రూతమ్మ వచ్చింది
షెడ్డు దిగి, ఏప్రాను కూడా విప్పకుండా,
కూల్‌డ్రింకు సీసాలో నీళ్లతో.
"ఏ చెరువువి?" అలవాటుగా అడిగాను.
"చెరువువి కాదండి. మా పేట బోరువి. తాగేవి."

రేట్ల పట్టికలో తాగే నీళ్లు లేవు.
చెరువు విస్తీర్ణం గడి ఖాళీగా వదిలేశాను.
రైతు పేరు దగ్గర చింతా రూతమ్మ అని రాశాను.
రిజల్టు కొట్టబోతే 'పరిమితుల్లోనే ఉన్నాయి'
వేళ్లు వాటంతటవే కొట్టేశాయి.
అవి రొయ్య పరిమితులు. చెరిపాను.
మూత మీద తేదీ వేస్తుంటే
"తారీకెందుకండి?" అంది.
అమెరికాలో ఒకావిడ అని మొదలెట్టి, ఆపేసి,
"రేపు కూడా ఒకటి తీసుకురా" అన్నాను.

నవల పూర్తవలేదు. బోర్డింగ్ పాసు
రెండు వందల పదకొండులోకి మార్చాను.
ల్యాబు ఫ్రిజ్జులో ఇప్పుడు ఇరవై ఆరు సీసాలు.
రైతుల శాంపిళ్లు ఎక్కడ పెట్టాలని
మా ఓనరు విసుక్కుంటున్నాడు.